చొరవ: కనబడలేదు

కొత్త పుస్తకం బడికి వచ్చిన రోజే ఉల్కాన్ ఎజెకి దాని మీద మనసు విరిగింది. అట్ట మీద ఒక పిల్లాడు కంప్యూటరు ముందు కూర్చుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. వాడి గోళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. ఎజె అంటే అక్క, ఆ కొండల్లో టీచరమ్మనీ అలాగే పిలుస్తారు. కొక్-సై ఊళ్ళో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న ఆవిడ అంత శుభ్రమైన గోళ్ళున్న పిల్లాణ్ణి ఇంతవరకు చూడలేదు.

పుస్తకం పేరు 'రేపటి పనికి తొలిమెట్టు'. పెద్దయ్యాక పిల్లలు చేయబోయే ఉద్యోగాలకు కావలసిన నేర్పులన్నీ మూడో తరగతిలోనే మొదలుపెట్టేయాలని పైనున్నవాళ్ళు తీర్మానించారు. ఇదివరకు పని పాఠమంటే బొత్తాం కుట్టడం, అట్టతో పెట్టె చేయడం, కుండీలో ఉల్లిగడ్డ నాటడం. ఇప్పుడు అవన్నీ పోయి నాలుగు మాటలు వచ్చాయి: చొరవ, కలిసి పనిచేయడం, మాట నేర్పు, ముందుచూపు. బొత్తాం గట్టిగా ఉందో లేదో లాగి చూస్తే తెలుస్తుంది. చొరవని ఎక్కడ పట్టుకుని లాగాలో పుస్తకంలో ఎక్కడా రాయలేదు.

రాయకపోతే పోనీ అనుకునే వీలు కూడా లేదు. పుస్తకంతోపాటు జిల్లా విద్యాశాఖ నుంచి ఒక ఉత్తరం వచ్చింది, ఆ సంగతి సాయంత్రానికల్లా పిల్లలతో సహా ఊరంతటికీ తెలిసిపోయింది. కొత్త పాఠాన్ని సరిగ్గా చెప్పలేని చిన్న బడుల్లో వచ్చే సెప్టెంబరు నుంచి నాలుగో తరగతి ఎత్తేస్తారట. ఆ పిల్లలు జిల్లా కేంద్రంలో హాస్టల్లో ఉండి చదువుకుంటారట, శనివారం ఇంటికి వచ్చి ఆదివారం వెళ్ళిపోతారట. మే నెలలో ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి వెనక బెంచీలో కూర్చుని పాఠం చూస్తాడు, ఉంచాలో తీసెయ్యాలో ఆయనే తేలుస్తాడు.

మూడో తరగతిలో ఎనిమిది మంది ఉన్నారు. అందరికీ తొమ్మిదేళ్ళు. ఉల్కాన్ ఎజెని కూడా సరిగ్గా ఆ వయసులోనే హాస్టల్లో వేశారు. ముప్ఫై మంచాల గదిలో, కిటికీ పక్కనున్న మంచం మీద, ఆ మొదటి చలికాలమంతా ఆవిడ గోడకి తిరిగి పడుకుంది. ఏడిస్తే పక్కవాళ్ళు నవ్వుతారని నోట్లో దుప్పటి కుక్కుకునేది. వసంతానికి ఏడుపు మానేసింది గాని, ఇంటికి వెళ్ళినప్పుడు తల్లి దగ్గరికి తీసుకుంటే కొత్తమనిషి ముట్టుకున్నట్టు అనిపించింది. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు. ఈ ఎనిమిది మందినీ అలా పంపించే పని మాత్రం తన వల్ల కాదని ఉత్తరం మడిచిన రోజే నిశ్చయించుకుంది.

అందుకని పుస్తకం మీద ఎంత మంట ఉన్నా, మొదటి పాఠం నుంచి తు.చ. తప్పకుండా చెప్పసాగింది. పద్నాలుగో పేజీలో ఒక పని ఇచ్చారు: 'మీ ఊరికి ఉపయోగపడే సేవను ఒకదాన్ని ఎంచుకుని రెండు వారాలపాటు చేయండి.' పిల్లలు దిక్కులు చూశారు. కుందుజ్ మాత్రం చెయ్యెత్తింది. ఆ పిల్లకీ బెంచీకీ ఎప్పుడూ పడదు. కూర్చోమంటే నిలబడుతుంది, నిలబడమంటే గుమ్మం దాటుతుంది.

"ఎజె, కబురు మోయడం పనేనా?"

ఉల్కాన్ ఎజె నోటుపుస్తకాలు దిద్దుతోంది. "పనే. పేపరువాళ్ళు చేసేది అదే కదా."

"మంచి కబురు మోస్తే?"

"ఇంకా మంచిది. కూర్చో."

తలెత్తి ఆ పిల్ల కళ్ళలోకి ఒకసారి చూసి ఉంటే ఉల్కాన్ ఎజె ఆ మాట అని ఉండేది కాదు.

కొక్-సైలో మంచి కబురు ఉత్త చేతులతో పోదు. సుయున్చు సంగతి పాలుతాగే పిల్లకైనా తెలుసు. కబురు తెచ్చినవాడు విషయం చెప్పకుండా ముందు "సుయున్చు!" అని అరుస్తాడు. విన్నవాడు "బొల్సున్!" అనాలి, అంటే కానుక ఇస్తానని ఒప్పుకోవాలి. ఆ తర్వాతే కబురు బయటికొస్తుంది. కొడుకు పుట్టాడంటే గొర్రెపిల్ల పోతుంది, సైన్యం నుంచి మనిషి తిరిగొచ్చాడంటే ఒంటిమీది కోటే పోతుంది. ఇస్తానన్నాక వెనక్కి తగ్గినవాణ్ణి మనిషిగా లెక్కపెట్టరు.

ఇదంతా ఎప్పుడో ఒకసారి జరిగే ముచ్చట. కుందుజ్ దాన్ని రోజువారీ వ్యాపారం చేసి పారేసింది. మార్ష్రుత్కా అనే చిన్న బస్సు నడిపే డ్రైవరు కొడుకు ఎలామాన్ ఊరి పటం గీశాడు. అరవై రెండు ఇళ్ళనీ ఎనిమిది మందికి పంచాడు. ఒకణ్ణి ఆరోగ్య కేంద్రం మెట్ల మీద, ఒకణ్ణి బస్సు ఆగే చోట, ఒకత్తెని ఊరి వెనక గుట్ట మీద కాపలా పెట్టారు. కొక్-సైలో ఫోను పలికేది ఆ గుట్ట మీదే. అక్కడ ఒక గుంజకి రేకు డబ్బా కట్టి, అందులో ఊరందరికీ కలిపి ఒక పాత ఫోను పెట్టారు. మోగితే దగ్గరున్నవాడు ఎత్తి, ఎవరికైతే వాళ్ళని కేకేస్తాడు. ఇప్పుడు దగ్గరున్నది ఎప్పుడూ మూడో తరగతే.

నాలుగో రోజుకి బుర్మకాన్ అపా బడికి వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, వచ్చేటప్పుడు కర్ర కూడా తెచ్చింది.

"ఏమే ఉల్కాన్, పిల్లలకి చదువు చెబుతున్నావా, దారి కొట్టడం నేర్పుతున్నావా?"

"ఏమైందపా?"

"ఏమైందా! నా ఆవు ఈనింది. నేను పాకలోనే ఉన్నాను, దూడ కాళ్ళు నా చేతుల్లోనే ఉన్నాయి. ఆ కుందుజ్ గుమ్మంలో నిలబడి 'సుయున్చు అపా!' అంది. ఏంటో అనుకుని బొల్సున్ అన్నాను. 'మీ ఆవు ఈనిందపా' అంటుంది! నా ఆవు ఈనిన కబురు నాకే చెప్పి, నేను అల్లుకున్న మేజోళ్ళు పట్టుకుపోయింది!"

ఆవిడ వెనకే సత్తార్ బైకె, అంటే సత్తారన్న, వచ్చాడు. అతనికి ఊళ్ళో ఉప్పూ పప్పూ అమ్మే కొట్టు ఉంది. కరెంటు వచ్చిందని చెప్పి ఒకసారి, వాన వెలిసిందని చెప్పి ఒకసారి, తప్పిపోయిన మేక తనంతట తనే ఇంటికొచ్చిందని చెప్పి ఒకసారి వాళ్ళు అతని దగ్గర బిస్కట్లు వసూలు చేశారట.

"మూడుసార్లేనా?" అంది ఉల్కాన్ ఎజె మొహం చిట్లించి.

సత్తార్ బైకె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాలుగోది కూడా ఉందనుకో. మా అత్తగారికి జలుబు చేసింది, ఈ నెల రావటం లేదని ఫోను వచ్చిందట. దానికి మాత్రం నేను మనస్ఫూర్తిగానే ఇచ్చాను. దాన్ని ఫిర్యాదులో కలపొద్దు."

సాయంత్రం ఉల్కాన్ ఎజె ఎనిమిది మందినీ వరసగా నిలబెట్టింది. బల్ల మీద మూడు జతల మేజోళ్ళు, సంచెడు ఎండు పెరుగు ఉండలు, ఒక అద్దం, సగం తిన్న బిస్కట్లు ఉన్నాయి. బల్ల కింద కాళ్ళు కట్టేసిన కోడిపుంజు కూడా ఉంది.

"ఏంటిది?"

"ఊరికి ఉపయోగపడే సేవ, ఎజె" అంది కుందుజ్.

"ఇది సేవా? దోపిడీ! రేపు అన్నీ ఎవరివి వాళ్ళకి ఇచ్చి రండి. ఇకమీదట ఈ బడిలో ఎవరి నోటైనా సుయున్చు అనే మాట వినబడిందో, చెవి మెలేసి చేతికిస్తాను."

పిల్లలు మర్నాడు ఇల్లిల్లూ తిరిగారు గాని, వస్తువులన్నీ వెనక్కే మోసుకొచ్చారు. ఇచ్చిన సుయున్చుని వెనక్కి పుచ్చుకుంటే వచ్చిన మంచి కూడా దానితో పోతుందని ఎవరూ ముట్టుకోలేదట. బుర్మకాన్ అపా అయితే, తన దూడని చంపడానికి వచ్చారా అని కర్ర ఎత్తిందట. కోడిపుంజు బడి కట్టెల కొట్టంలో స్థిరపడి, పాఠం మధ్యలో కూయడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఉల్కాన్ ఎజె ఎలాంటి ప్రమాదానికీ చోటివ్వలేదు. అట్టతో ఒక పట్నం చేయించింది. దానిలో ఎవరెవరు ఏ ఉద్యోగం చేస్తారో తనే నిర్ణయించి, ఒక్కొక్కరికీ నాలుగేసి వాక్యాలు రాసిచ్చి బట్టీ పట్టించింది. "నువ్వు నీ సొంతంగా ఒక్క మాట కూడా అనకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను" అని కుందుజ్‌ని విడిగా బతిమాలుకుంది. చొరవ గురించిన పాఠానికి ఇలా సిద్ధం చేయడంలో ఏదో తిరకాసు ఉందని ఆవిడకి అనిపించకపోలేదు. కాని భయం ముందు ఆలోచన ఎప్పుడు నిలబడింది గనక?

ఇన్‌స్పెక్టరు తుర్గున్‌బేక్ మామితోవిచ్ తొమ్మిదింటికల్లా బూడిదరంగు కారులో దిగాడు. రాత్రంతా వాన కురిసింది. కారుకీ ఆయన బూట్లకీ సమానంగా బురద ఉంది. వెనక బెంచీ ఆయనకి చిన్నదైపోయి మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. చేతిలో ఇరవై గడుల ఫారం ఉంది.

మొదట ఎలామాన్ లేచాడు. నాలుగు వాక్యాల్లో మొదటిది చెప్పి ఆగిపోయాడు.

"పెద్దయ్యాక ఏమవుతావు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లిగా.

"లాజిస్టిక్స్ నిపుణుణ్ణి అవుతాను అగాయ్" అన్నాడు ఎలామాన్, మాస్టారుని పిలిచినట్టే.

"శభాష్. వాళ్ళు ఏం చేస్తారు?"

ఎలామాన్ పైకి చూశాడు, కిందికి చూశాడు. "తెలీదు అగాయ్. అలా చెప్పమన్నారు."

ఉల్కాన్ ఎజె చెవులు ఎర్రబడ్డాయి. తర్వాతి ఆరుగురూ ఎలామాన్ గతి చూసి బెదిరిపోయి, తమ ఉద్యోగాలు మరిచి, అందరూ లాజిస్టిక్స్ నిపుణులే అవుతామన్నారు. చివరికి కుందుజ్ వంతు వచ్చింది. ఆ పిల్ల పెదాలు బిగించి కర్రలా నిలబడింది.

"నీకు ఏ పనంటే ఇష్టం పాపా? భయం లేదు, చెప్పు."

"ఇష్టమైన పని ఎజె మానెయ్యమన్నారు అగాయ్."

"ఏం పని అది?"

"ఆ మాట బడిలో అనకూడదు. అంటే చెవి మెలేస్తారు."

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు మీదుగా ఉల్కాన్ ఎజె వైపు చూశాడు. ఆ తర్వాత చాలాసేపు రాశాడు. అదే సమయంలో కట్టెల కొట్టంలో కోడి కూసింది, దాని గురించి కూడా ఏదో రాసినట్టే ఉంది.

పాఠం అయ్యాక పిల్లల్ని పంపేసి, ఆయన్ని టీచర్ల గదిలో కూర్చోబెట్టి టీ పోసింది. నూనెలో వేయించిన పిండి ముక్కలు, వేడి వేడి బోర్సోక్‌లు, జామ్‌తో ముందు పెట్టింది. ఆయన చెడ్డమనిషేం కాదు. ఇష్టంగా తిన్నాడు, చేతులు తుడుచుకున్నాడు, ఫారం ఆవిడ వైపు తిప్పాడు. చొరవ: కనబడలేదు. కలిసి పనిచేయడం: కనబడలేదు. మాట నేర్పు: కనబడలేదు. ముందుచూపు: కనబడలేదు.

"నాకూ బాధగానే ఉంది ఎజె. కాని గడి ఉంది, నింపాలి. లేనిదాన్ని ఉందని ఎలా రాయను?"

"వాళ్ళు తెలివైన పిల్లలు అగాయ్. పాడు చేసింది నేను. ఆ తప్పేదో నా పేరున రాయండి."

"మీ పేరున గడి లేదు."

"తొమ్మిదేళ్ళ పిల్లల్ని హాస్టల్లో వేస్తారా?"

"ఇప్పటి హాస్టళ్ళు మునుపటిలా కాదు ఎజె. వేడి నీళ్ళు వస్తున్నాయి."

"కుళాయి తిప్పితే అమ్మ కూడా వస్తుందా?"

ఆయన ఇంకో బోర్సోక్ తీసుకున్నాడు, తినకుండా చేతిలోనే పట్టుకున్నాడు. ఉల్కాన్ ఎజె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఆయన ముందు కళ్ళు తుడుచుకోవడం ఇష్టం లేకపోయింది. ఎనిమిది అమ్మలకి ఎనిమిది సార్లు ఈ మాట చెప్పాలి. ఏ ఇంటి నుంచి మొదలుపెట్టాలో తోచలేదు.

కిటికీలోంచి గుట్ట కనిపిస్తోంది. గుట్ట మీద ఎనిమిది మందీ ఉన్నారు. ఇళ్ళకి పొమ్మంటే అక్కడికి ఎక్కారన్నమాట. గుంజ చుట్టూ మూగి ఉన్నారు. మధ్యలో కుందుజ్ ఫోను పట్టుకుని, రెండో చెయ్యి గాలిలో తిప్పుతూ ఎవరితోనో గట్టిగా మాట్లాడుతోంది. అంతలో పిల్లలందరూ ఒక్కసారిగా ఎగిరి గంతేశారు. తర్వాత గుట్ట మీంచి జారుతూ, దొర్లుతూ బడి వైపు పరుగు తీశారు.

ఉల్కాన్ ఎజె గుమ్మందాకా వెళ్ళేలోపే తలుపు గోడకి కొట్టుకుంది. కుందుజ్ ఒంటినిండా బురదతో లోపల నిలబడింది. నేరుగా ఇన్‌స్పెక్టరు వైపు చూసింది.

"సుయున్చు, అగాయ్!"

"కుందుజ్!" అని ఉల్కాన్ ఎజె కేకేసింది.

కాని ఆ మనిషి కూడా అక్కడివాడే. ఊయల్లో ఉన్నప్పట్నుంచీ వింటున్న మాట. మెదడుకంటే ముందు నోరు పలికేసింది. "బొల్సున్, బొల్సున్! ఏంటి సంగతి?"

"మీరు బతికే ఉన్నారు!"

ఇన్‌స్పెక్టరు తన ఒళ్ళు తను ఒకసారి చూసుకున్నాడు.

"ఆ సంగతి నాకు తెలుసు కదమ్మా" అన్నాడాయన.

"మీకు తెలుసు అగాయ్. వాళ్ళకి తెలీదు."

వెనకే రొప్పుతూ వచ్చిన ఎలామాన్ కాస్త వివరంగా చెప్పాడు. లోయ దగ్గర కొండ మీంచి బురద దిగి రోడ్డు మూసుకుపోయిందట. ఇన్‌స్పెక్టరు కారు దాటిన గంటకే అది జరిగిందట. బురదలో బూడిదరంగు రేకు ఏదో కనబడుతోందని ఎవరో చూసి చెబితే, విద్యాశాఖ మొత్తం అక్కడికి చేరిందట. రెండు గంటలుగా బుల్డోజరుతో తవ్వుతున్నారట. పట్నం నుంచి తిరిగొస్తూ అవతలి వైపు ఇరుక్కుపోయిన ఎలామాన్ తండ్రి, ఇంటికి రావడం ఆలస్యమవుతుందని చెప్పడానికి గుట్ట ఫోనుకి ఫోను చేశాడట. మాటల్లో ఈ సంగతీ చెప్పాడట.

ఇన్‌స్పెక్టరు మొహం తెల్లబడింది. "నేను దాటిన గంటకా?" అని తనలో తనే అనుకున్నాడు. పదండి పదండి అంటూ టోపీ కూడా పెట్టుకోకుండా బయటికి నడిచాడు.

"అగాయ్, బొల్సున్ అన్నారు" అని కుందుజ్ గుర్తుచేసింది.

ఆయన జేబులు తడుముకున్నాడు. ఫారం నింపిన పెన్ను తప్ప ఏమీ దొరకలేదు. ఆ పెన్నే ఇచ్చి గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు. లావుపాటి మనిషి, రెండుసార్లు జారి మోకాళ్ళ మీద పడ్డాడు. ఉల్కాన్ ఎజె, పిల్లలు వెనకాలే ఎక్కారు.

గుట్ట ఫోనులో చెవి దగ్గర పెట్టుకునే భాగం పాడై రెండేళ్ళయింది. ఎవరు మాట్లాడినా స్పీకర్లోంచి గుట్టంతటికీ వినబడుతుంది. ఎలామాన్ తండ్రి నంబరుకి తిరిగి కలిపితే, పలికింది జిల్లా విద్యాధికారి దామిరా ఇసాకొవ్నా. ఆవిడ గొంతు మామూలుగానే గట్టిది.

"తుర్గున్‌బేక్! నువ్వేనా? నిజంగా నువ్వేనా?"

"నేనేనండి. బానే ఉన్నాను."

అటువైపు నుంచి ఏడుపు వినబడింది. అది అయ్యాక తిట్లు వినబడ్డాయి. "బానే ఉన్నావూ? రెండు గంటలుగా ఇక్కడ నీకోసం తవ్విస్తున్నాను. నీ భార్య వచ్చి నా భుజం మీద పడి ఏడుస్తోంది. తవ్వితే ఏం తేలిందో తెలుసా? పాత ట్రాక్టరు బోనెట్టు! సరే, ఆ పిల్ల ఎవరు?"

"ఏ పిల్లండీ?"

"ఇక్కడ డ్రైవరు ఒకాయన ఫోను తెచ్చి నాకిచ్చాడు. మీతోనే మాట్లాడుతుందట అన్నాడు. 'సుయున్చు, ఎజె!' అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. నలభై మంది వింటుండగా, ఏం కావాలంటే అదిస్తాను తల్లీ, బొల్సున్, చెప్పు అన్నాను. అప్పుడు చెప్పింది, నువ్వు టీచర్ల గదిలో కూర్చుని బోర్సోక్‌లు తింటున్నావని."

ఇన్‌స్పెక్టరు చేతిలో ఇంకా ఉన్న బోర్సోక్‌ని జేబులో దాచుకున్నాడు. "ఇంతకీ ఏం అడిగిందండి?"

"నాలుగో తరగతి."

ఉల్కాన్ ఎజె గుంజని పట్టుకుంది.

"అలా ఎలా కుదురుతుందండీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇప్పుడే పాఠం చూశాను. ఫారం కూడా నింపేశాను. చొరవ కనబడలేదు. మాట నేర్పు కనబడలేదు."

"తుర్గున్‌బేక్, ఆ కళ్ళద్దాలు ఒకసారి తుడుచుకో. తొమ్మిదేళ్ళ పిల్ల నాతో రెండు నిమిషాలు మాట్లాడి నాలుగో తరగతి పట్టుకుపోయింది. పాతికేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను, ఒక మంత్రి కూడా నా దగ్గర ఇంత సులువుగా ఏదీ పట్టుకుపోలేదు. నీకు మాట నేర్పు కనబడలేదూ?"

"కాని నిబంధన..."

"నిబంధన నేను చూసుకుంటాను. బొల్సున్ అన్నాక కాదంటే నీ భార్య ముందు, ఈ బుల్డోజరువాళ్ళ ముందు నేను తలెత్తుకు తిరగగలనా? రేపే సంతకం పెడతాను. ఎంతకాలం అన్నది కూడా ఆ పిల్లే చెప్పింది. అడిగి సరిగ్గా రాసుకురా."

ఫోను ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు తడిసిన ఫారాన్ని మోకాలి మీద పరిచి కూర్చున్నాడు. జేబు తడుముకుని, కుందుజ్ వైపు చెయ్యి చాచాడు.

"పెన్ను ఒకసారి ఇస్తావా పాపా?"

కుందుజ్ కాస్త ఆలోచించింది. "వాడుకుని ఇచ్చెయ్యాలి అగాయ్."

"ఇచ్చేస్తాను. ఎంతకాలం అడిగావు, ఒక ఏడాదేనా?"

ఉల్కాన్ ఎజెకి ఒక్క ఏడాది దొరికినా చాలు. ఈ ఎనిమిది మందీ గట్టెక్కుతారు. ఇన్‌స్పెక్టరు కాళ్ళు పట్టుకోవలసి వస్తే, ఒక్క ఏడాది ఇవ్వండి అగాయ్ అని అడుగుదామని పొద్దుట్నుంచీ లోలోపల అనుకుంటూనే ఉంది.

"ఎలామాన్ ఒక ఏడాదే అడగమన్నాడు" అంది కుందుజ్. "నేను ఒప్పుకోలేదు. అప్పుడు రెండో తరగతి వాళ్ళో మరి? మా తమ్ముడు ఒకటో తరగతిలో ఉన్నాడు, వాడో? అందరికంటే చిన్నవాళ్ళు ఎవరని ఆలోచించాం. తెల్లారగట్ల పైవీధిలో జుమాషెవ్‌ల కోడలికి పాప పుట్టింది. ఇంకా పేరు కూడా పెట్టలేదు. ఆ పాప నాలుగో తరగతి చదివేసేదాకా ఉంచాలని అడిగాను."

ఇన్‌స్పెక్టరు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

"పదకొండేళ్ళు" అన్నాడు.

"అంతేనా? పన్నెండు అనుకున్నాం" అన్నాడు ఎలామాన్ నిరాశగా.

ముందుచూపు గడిలో ఉన్న 'కనబడలేదు' అన్న మాటని ఇన్‌స్పెక్టరు అడ్డంగా కొట్టేశాడు. దాని పక్కన ఏదో రాశాడు గాని, ఆ రాసింది చదవడానికి ఉల్కాన్ ఎజె కళ్ళకి చూపు ఆనలేదు. పదకొండేళ్ళు! అప్పటికి తను పెన్షను పుచ్చుకుంటూ ఉంటుంది. అప్పటివరకు కొక్-సై పిల్లలు ఒక్కరు కూడా తొమ్మిదేళ్ళకి ఇల్లు వదలరు. ఎవరూ గోడకి తిరిగి పడుకోరు. తననే అడగమని ఉంటే తల వంచుకుని ఒక ఏడాది అడిగేది, ఇచ్చినందుకు చేతులు పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకునేది. ఇలా అడగడం తనకి ఎవరూ నేర్పలేదు. ఈ పిల్లకి తనూ నేర్పలేదు, పైగా నేర్చుకున్నదాన్ని మానిపించబోయింది.

ఉల్కాన్ ఎజె తడి గడ్డి మీద కూలబడి, ముప్ఫై ఒక్క ఏళ్ళలో పిల్లల ముందు ఎన్నడూ ఏడవనంత గట్టిగా ఏడ్చింది. ఇన్‌స్పెక్టరు కంగారుపడి జేబులోని బోర్సోక్ తీసి ఆవిడకి ఇవ్వబోయాడు. పిల్లలు బిత్తరపోయి ఒకరినొకరు చూసుకున్నారు. ఎలామాన్ మెల్లిగా కుందుజ్ పక్కకి జరిగి చెవిలో అన్నాడు.

"ఇది ఎజెకి కూడా మంచి కబురే కదా. మనం ఇంకా అడగనే లేదు."

కుందుజ్ ఏడుస్తున్న ఎజె వైపు ఒకసారి చూసింది.

"ఇప్పుడొద్దు, కళ్ళు తుడుచుకోనీ" అంది. "రేపు అడుగుదాం. రేపైతే ఎక్కువ ఇస్తారు."